బిస్కెట్టు ఒకరిది, స్కూపు ఇంకొకరిది

ఈ మధ్య ఇన్‌స్టా తెరిస్తే చాలు, ఎవరో ఒకరు ఇంకెవరితోనో 'కొలాబ్' అయిపోతున్నారు. బట్టల షాపూ చెప్పుల షాపూ కొలాబ్. జిమ్మూ జ్యూస్ బండీ కొలాబ్. ఇక ఐస్‌క్రీమ్ పార్లర్ల సంగతి చెప్పనే అక్కర్లేదు. "ఫలానా బేకరీ బిస్కెట్లతో మా స్పెషల్ ఫ్లేవర్, ఈ నెలాఖరు వరకే!" అని ఒక రీలు, కింద మూడు నిప్పు ఇమోజీలు. మనం వెళ్తాం, తింటాం, కప్పు పట్టుకుని స్టోరీ పెడతాం. ఇరవై నాలుగ్గంటల్లో ఆ స్టోరీ కూడా మాయం.

ఆ కప్పు వెనక మాత్రం ఇద్దరు చిన్న వ్యాపారులుంటారు. ఒకరిది సరుకు, ఇంకొకరిది మెషీను. ఒకరిది పేరు, ఇంకొకరిది ఫ్రీజరు. ఫ్లేవర్ హిట్టయితే ఎవరికెంత? ఫట్టయితే మిగిలిన టబ్బు ఎవరి నెత్తిన? ఈ వారం ఆ లెక్క చూద్దాం. ఐస్‌క్రీమ్ కరిగేలోపే చదివేయొచ్చు లెండి.

ముందు ఈ ఆటను అందరికంటే బాగా ఆడినవాళ్ల దగ్గరికి వెళ్దాం. అమెరికాలో ఒరెగాన్ రాష్ట్రం, పోర్ట్‌ల్యాండ్ నగరం. పక్కనే హిల్స్‌బరోలో ఇంటెల్ క్యాంపస్‌లు ఉన్నాయి కాబట్టి మనవాళ్లు అక్కడ బాగానే ఉన్నారు. మీ బాబాయి కొడుకో, కాలేజీ సీనియరో అక్కడుంటే 'సాల్ట్ అండ్ స్ట్రా' పేరు చెప్పి చూడండి, వెంటనే "అబ్బో, ఆ క్యూ!" అంటారు.

2011లో కిమ్ మాలెక్ అనే ఆవిడ, కజిన్ టైలర్ మాలెక్‌తో కలిసి అల్బెర్టా స్ట్రీట్‌లో ఒక బండి పెట్టింది. అవును, బండే. ఆవిడేమో పెద్ద కంపెనీల్లో మార్కెటింగ్ చేసి వచ్చిన మనిషి, రిటైర్మెంట్ కోసం దాచుకున్న సొమ్ము ఇందులో పెట్టేసింది. ఐస్‌క్రీమ్ తయారీ మొత్తం ఆ కుర్రాడి మీద వదిలేసింది. అతని దగ్గరున్న సామగ్రి ఏంటో తెలుసా? పాత సామాన్ల షాపులో ఒక్కోటి నాలుగు డాలర్లకు కొన్న నాలుగు చిన్న ఐస్‌క్రీమ్ మెషీన్లు. వాటితో ఒకేసారి నాలుగు రకాలు తిప్పి చూసేవాడు. ఆ ఏడాదే బండి కాస్తా షాపయింది.

పేరు సంగతి ఇక్కడే చెప్పేస్తాను. ఫ్రిజ్‌లు లేని కాలంలో ఐస్ ముక్కల్లో కళ్లుప్పు పోసి, దాని మధ్యలో పాల గిన్నె తిప్పి ఐస్‌క్రీమ్ చేసేవాళ్లు. ఐస్ కరిగిపోకుండా చుట్టూ గడ్డి కప్పేవాళ్లు. సాల్ట్, స్ట్రా. మనకు కొత్తేం కాదు. కుల్ఫీ కుండలో ఉప్పూ ఐసూ, ఐసు దిమ్మల మీద రంపపు పొట్టూ ఊకా... తాతయ్యను అడగండి, చెప్తారు.

టైలర్‌కి ఐస్‌క్రీమ్ గురించి పెద్దగా తెలియదు. ఈ కథకు అసలు మలుపు అదే. తెలియదు కాబట్టి ఊళ్లో తెలిసినవాళ్ల దగ్గరికి వెళ్లాడు. చాక్లెట్ చేసేవాళ్లు, కాఫీ వేయించేవాళ్లు, చెఫ్‌లు, రైతులు. వాళ్లను అడుగుతూ పోతే సలహా కాస్తా సరుకైంది, సరుకు కాస్తా ఫ్లేవరైంది. పోర్ట్‌ల్యాండ్ ఊరి కాఫీ 'స్టంప్‌టౌన్'తో ఒకటి. 'వుడ్‌బ్లాక్' అనే చిన్న చాక్లెట్ తయారీదారుతో ఒకటి. పక్క ఊరి తోటలో ఆలివ్ నూనె తీసేవాళ్లతో ఇంకొకటి. నూనెతో ఐస్‌క్రీమ్ ఏంటని మొహం చిట్లించకండి. మనం పప్పన్నంలో నెయ్యి పోసుకోవట్లా? కొవ్వుకి చల్లదనం తోడైతే నాలుక మీద మెత్తగా జారుతుంది, అంతే.

వీటన్నిట్లోకీ పేరు మోసింది పియర్ పండు, బ్లూ చీజ్ కలిపిన ఫ్లేవర్. బ్లూ చీజ్ అంటే నీలి రంగు బూజు చారలుండే ఘాటు జున్ను. ఇచ్చేది దక్షిణ ఒరెగాన్‌లోని 'రోగ్ క్రీమరీ'. పేరు చూసి భయపడకండి, తెలుగు రోగం కాదు, అక్కడి నది పేరు. 2019లో ఇటలీలో జరిగిన వరల్డ్ చీజ్ అవార్డుల్లో వీళ్ల 'రోగ్ రివర్ బ్లూ' ప్రపంచంలోకెల్లా మొదటిదిగా నిలిచింది. అమెరికా చీజ్‌కి ఆ గౌరవం దక్కడం అదే మొదటిసారి. ఎక్కడో పల్లెలో పాలు తోడుపెట్టుకునేవాళ్ల చీజ్‌ను, నగరంలో పిల్లలు కోన్‌లో నాకుతూ రుచి చూశారన్నమాట. చీజ్ షాపు మెట్లెక్కనివాళ్లు కూడా ఐస్‌క్రీమ్ షాపుకి వస్తారు కదా. కొలాబ్ అసలు బలం అక్కడుంది. 'ఇది నాకు నచ్చదేమో' అన్న భయాన్ని ఒక చెంచా శాంపిల్ తీసేస్తుంది.

లాస్ ఏంజెలిస్, శాన్‌ఫ్రాన్సిస్కో, సియాటిల్... వేరే ఊళ్లకు వెళ్లినప్పుడు కూడా పోర్ట్‌ల్యాండ్ మెనూనే మక్కీకి మక్కీ దించలేదు. ఆ ఊరి బేకరీ ఎవరు, ఆ ఊరి రైతు ఎవరు అని వెతికి, వాళ్లతో కొత్త ఫ్లేవర్లు వేశారు. 2017లో పారేయబోయే తిండితో ఒక మెనూ కూడా పెట్టారు. బీరు కాచాక మిగిలే బార్లీ పిప్పి లాంటి వాటితో. బడి పిల్లలు రాసి పంపిన ఐడియాలతో ఒక నెల మెనూ నడుపుతారు. ఇప్పుడది పెద్ద చైన్, బయటి పెట్టుబడులూ వచ్చాయి. ఇంత పెద్దయ్యాక 'లోకల్' అనే మాటకు ఎంత పస మిగిలిందని అడిగేవాళ్లున్నారు. న్యాయమైన ప్రశ్నే. కానీ చీజ్ ఎవరిదో బోర్డు మీద రాసే అలవాటు మాత్రం మానలేదు, నాకు నచ్చింది అదే.

దీనికి పూర్తిగా ఇంకో వైపు కూడా చూడండి. 2021 జులైలో న్యూయార్క్ కంపెనీ 'వాన్ ల్యూవెన్', ప్యాకెట్ ఆహార దిగ్గజం 'క్రాఫ్ట్' కలిసి మాకరోనీ చీజ్ ఐస్‌క్రీమ్ వదిలాయి. జనం ఎగబడ్డారు, చిటికెలో అమ్ముడైపోయింది. దాన్ని తప్పనను. కానీ అక్కడ క్రాఫ్ట్‌కి కావలసింది చర్చ, దొరికింది. ఐస్‌క్రీమ్ అమ్మకాలతో బతకాల్సిన అవసరం దానికి లేదు. మన వీధి చివర బేకరీ పరిస్థితి అది కాదు.

సరే, మన దగ్గరికి వద్దాం. హైదరాబాద్ ఐస్‌క్రీమ్‌కి కొత్త ఊరు కాదు. మొజంజాహీ మార్కెట్‌లో వేసవిలో మామిడి, ఆ సీజన్ దాటాక సీతాఫలం. అసలు పండే అక్కడ రాజు. ఆలోచిస్తే అదీ ఒక కొలాబే, పాలమూరు గుట్టల మీద సీతాఫలాలు ఏరేవాళ్లతో. కాకపోతే వాళ్ల పేరు బోర్డు మీద ఎప్పుడూ ఉండదు.

ఇప్పుడు వచ్చే కొలాబ్‌లలో ఎక్కువ వినపడేది ఉస్మానియా బిస్కెట్టు. తీపీ ఉప్పూ కలిసి, చాయ్‌లో ముంచితే కరిగిపోయే రకం. ఐస్‌క్రీమ్‌కి భలే జోడీ. కానీ చాయ్‌లో కరిగేది పాలల్లోనూ కరుగుతుంది కదా! బిస్కెట్టు ముక్కలు అలాగే కలిపితే, ఐస్‌క్రీమ్‌లోని తడిని పీల్చి రెండు రోజుల్లో తడిసిన అట్టముక్కలా తయారవుతాయి. తెలిసినవాళ్లు రెండు దారుల్లో ఒకటి ఎంచుకుంటారు. ముక్కలకు చాక్లెట్టో నెయ్యో పట్టించి, తడి లోపలికి పోకుండా అడ్డుగోడ కట్టడం ఒకటి. లేదా బిస్కెట్టును వేడి పాలల్లో నానబెట్టి, వడకట్టి, రుచి మాత్రం పాలకు ఎక్కించడం. రెండో దాంట్లో కరకర ఉండదు గానీ ప్రతి చెంచాలోనూ బిస్కెట్టు వాసన ఉంటుంది. నా ఓటు దానికే. ఆ కరకర కోసం పైన అప్పటికప్పుడు ఒక బిస్కెట్టు నలిపి చల్లితే సరి.

ఉప్పు గురించి ఒక్క ముక్క. చక్కెర, ఉప్పు రెండూ పాలు గడ్డకట్టడాన్ని ఆలస్యం చేస్తాయి. కానీ గ్రాముకి గ్రాము చూస్తే ఉప్పు ప్రభావం చక్కెర కంటే సుమారు 11 రెట్లు ఎక్కువ. అందుకే 'ఆవకాయ ఐస్‌క్రీమ్ చేద్దాం బ్రో' అనే ఫ్రెండు మీకుంటే ముందే చెప్పండి, గుప్పెడు ఆవకాయ పడితే అది గట్టిపడదు, జారుడు బల్లే. ఊట తీసేసి, ఆవగుండ ఘాటు ఎక్కించిన చక్కెర పాకం చారలుగా వేస్తే కుదరొచ్చు. చేసేవాళ్లుంటే పిలవండి, వస్తాను.

ఇక డబ్బు లెక్క. ఇది ఊహకు వేసిన లెక్క, ఏ షాపుదీ కాదు. ఒక పార్లర్ 40 లీటర్ల బ్యాచ్ వేసిందనుకుందాం. స్కూపు 100 మిల్లీలీటర్లయితే 400 స్కూపులు. శాంపిళ్లకీ, అడుగున అంటుకున్నదానికీ 20 తీసేయండి. మిగిలిన 380 స్కూపులు, ఒక్కోటి రూ.120. మొత్తం రూ.45,600. ఇందులో పడిన బిస్కెట్లు ఎన్ని? మూడో వంతు గాలే కాబట్టి 40 లీటర్ల ఐస్‌క్రీమ్ తూకానికి 28 కిలోలకు అటూఇటూ ఉంటుంది. అందులో పదో వంతు బిస్కెట్టు వేసినా మూడు కిలోల లోపే. కిలో రూ.500 చొప్పున రూ.1,500.

అంటే గల్లా పెట్టెలో పడిన ప్రతి వంద రూపాయల్లో బేకరీకి చేరింది మూడు రూపాయల చిల్లర!

పార్లర్ వాడు దోచేస్తున్నాడని కాదు. పాలు, క్రీమ్, కరెంటు, అద్దె, కుర్రాళ్ల జీతాలు, డెలివరీ యాప్ కోత అన్నీ వాడివే. పన్ను సంగతి కూడా చెప్పాలి. చిన్న వ్యాపారులకు జీఎస్టీలో 'కాంపోజిషన్' అని ఒక తేలిక దారి ఉంది. అమ్మకాల మీద కొద్ది శాతం కట్టి, లెక్కల తలనొప్పి తగ్గించుకోవచ్చు. స్వీట్ షాపు ఆ దారిలో వెళ్లొచ్చు. ఐస్‌క్రీమ్ తయారీదారును మాత్రం 2017లో జీఎస్టీ మొదలైనప్పుడే పాన్ మసాలా, పొగాకు వాళ్లతో కలిపి ఆ గుమ్మం బయట నిలబెట్టారు. పాన్ మసాలా పక్కన సీతాఫలం కప్పు! 2025 సెప్టెంబర్ 22 నుంచి ఐస్‌క్రీమ్ మీద పన్ను 18 శాతం నుంచి 5కి దిగింది కాబట్టి కొంత ఊపిరాడింది.

కాబట్టి ఆ రూ.1,500 దగ్గర పేచీ పడి లాభం లేదు. పార్లర్‌కి బేకరీ నుంచి నిజంగా వచ్చింది బిస్కెట్టు కాదు, పేరు. మూడు కిలోల మామూలు బిస్కెట్టు ఏ కిరాణా కొట్లోనైనా దొరుకుతుంది. అప్పుడది 'బిస్కెట్ ఐస్‌క్రీమ్', ఎనభై రూపాయలు. ఊళ్లో ముప్పై నలభై ఏళ్లుగా నమ్మిన బేకరీ పేరు తగిలిస్తే నూటిరవై, పైగా క్యూ. ఆ నలభై రూపాయల తేడా ఎవరిది? గొడవంతా ఇక్కడ వస్తుంది. చాలాచోట్ల ఈ ప్రశ్న ఎవరూ అడగరు, ఎందుకంటే ఇద్దరూ ఫ్రెండ్స్. "మీకు పబ్లిసిటీ వస్తుంది కదన్నా, బిస్కెట్లు ఇచ్చేయండి" అని ఒకరంటారు, "దానిదేముంది తమ్ముడూ, పంపిస్తాలే" అని ఇంకొకరంటారు. మొదటి రెండు ట్రేలు సంతోషంగానే వెళ్తాయి. మూడో వారం ట్రేలు అడిగినప్పుడు బేకరీ ఓనర్ మొహం చూడాలి.

నా ఉద్దేశం సూటిగా చెప్తాను. సరుకు ఫ్రీగా తీసుకుంటే అది కొలాబ్ కాదు, చందా. బిస్కెట్టుకి టోకు ధర తూకం ప్రకారం చేతిలో పెట్టాలి. పేరుకి స్కూపుకింత అని వేరేగా, ఐదో పదో రూపాయలు. పైన మన లెక్కలో స్కూపుకి ఐదు రూపాయలంటే 380 స్కూపులకు రూ.1,900. బిస్కెట్ల డబ్బు కంటే ఎక్కువ! డబ్బు వద్దనుకుంటే ఎదురు మార్పిడి చేసుకోవచ్చు. ఐస్‌క్రీమ్ బిల్లు చూపిస్తే బేకరీలో చాయ్ ఫ్రీ, బేకరీ బిల్లు చూపిస్తే పార్లర్‌లో పది రూపాయలు తగ్గింపు లాంటివి. దీంట్లో ఇంకో సుఖం ఉంది. ఎవరి వల్ల ఎవరికి ఎంతమంది వచ్చారో బిల్లులే చెప్తాయి, లైకులు లెక్కపెట్టుకోనక్కర్లేదు.

మిగిలిపోతే నష్టం ఎవరిది, ఎప్పటివరకు అమ్మొచ్చు, బోర్డు మీద రెండు పేర్లూ ఒకే సైజా... ఇవన్నీ ముందే మాట్లాడుకోవాలి. లాయరు అక్కర్లేదు, వాట్సాప్‌లో ఒక మెసేజ్ చాలు, కానీ రాసి ఉండాలి. ముఖ్యంగా 'ఎప్పటివరకు'. పొత్తు అయిపోయాక కూడా ఇంకో బిస్కెట్టు వేసి పాత పేరుతోనే అమ్మితే, రుచి తేడా కొట్టినప్పుడు తిట్లు తినేది బేకరీ.

ఆరోగ్యం విషయంలోనూ అంతే. ఒక కప్పులో రెండు వంటగదులు కలుస్తాయి. బిస్కెట్టులో గోధుమ ఉంటుంది, కాజాలో ఉంటుంది, కొన్ని స్వీట్లలో జీడిపప్పు, బాదం ఉంటాయి. 'ఐస్‌క్రీమే కదా' అని తినే పిల్లాడికి నట్స్ పడకపోతే? కౌంటర్ మీద స్పష్టంగా రాయాలి. పార్లర్‌కే కాదు, సరుకు ఇచ్చేవాళ్లకీ ఫుడ్ సేఫ్టీ నంబరు ఉండాలి, ఆ 14 అంకెలది. ఇంట్లో సున్నుండలు చుట్టి అమ్మే ఆంటీతో కొలాబ్ చేసినా సరే. మంచి విషయమేంటంటే, ఇలాంటి ఒక్క ఆర్డర్ కోసం ఆవిడ నంబరు తీసుకుంటే, ఆ తర్వాత నాలుగు షాపులకి ధైర్యంగా సరఫరా చేయొచ్చు.

తినేవాళ్లకి ఒక చిట్కా. కప్పు మీద 'ఐస్‌క్రీమ్' అని ఉందా, 'ఫ్రోజెన్ డెజర్ట్' అని ఉందా చూడండి. మన నిబంధనల ప్రకారం మామూలు ఐస్‌క్రీమ్‌లో కనీసం 10 శాతం పాల కొవ్వు ఉండాలి, లీటరు 525 గ్రాములకు తగ్గకూడదు. పాల కొవ్వు బదులు వంట నూనెల కొవ్వు వాడితే అది ఫ్రోజెన్ డెజర్టే. తినకూడదని కాదు. నెయ్యితో చేసిన పేరున్న బిస్కెట్టును తెచ్చి వనస్పతి కొవ్వులో ముంచి 'ప్రీమియం కొలాబ్' అంటే మాత్రం నాకు ఒళ్లు మండుతుంది.

రెండు రాష్ట్రాల్లో ఇలా జత కలపడానికి ఎంత సరుకుందో చూడండి. 2019లో జీఐ గుర్తింపు వచ్చిన అరకు కాఫీ. బందరు లడ్డు. బంగినపల్లి మామిడి. తాపేశ్వరం కాజా, దాన్ని చిన్న ముక్కలు చేసి వేస్తే పాకమే గడ్డకట్టకుండా మెత్తగా ఉంచుతుంది. అరకు కాఫీకి అయితే ఏ చిట్కా అక్కర్లేదు, గింజలను రాత్రంతా చల్లటి పాలల్లో నానబెడితే చాలు, చేదు పెద్దగా దిగకుండా వాసన దిగుతుంది. బోర్డు మీద 'అరకు' అని రాస్తున్నారు కాబట్టి ఏ సంఘం, ఏ ఊరి గింజలో కూడా ఒక లైను రాస్తే పోయేదేముంది? పోర్ట్‌ల్యాండ్ వాళ్లు చీజ్ చేసినవాళ్ల పేరు రాయగా లేనిది...

అన్నిటికంటే మొండిది ఆత్రేయపురం పూతరేకు. 2023లో దానికీ జీఐ వచ్చింది. కానీ ఐస్‌క్రీమ్‌లో కలిపారో, బియ్యప్పొర క్షణంలో తడిసి ముద్దైపోతుంది. చాక్లెట్ పూసి కాపాడదామంటే పూతరేకు రుచే పోతుంది. దానికి ఒకటే మార్గం. రేకుల్ని డబ్బాలో పొడిగా ఉంచి, లోపల బెల్లం నెయ్యి ఐస్‌క్రీమ్ పెట్టి, కౌంటర్ దగ్గర మీ కళ్ల ముందే చుట్టి ఇవ్వాలి. ఆత్రేయపురంలో రేకులు తీసే ఆడవాళ్లకు రేకుకింత అని డబ్బు వెళ్లాలి. తీసుకున్నవాళ్లు అక్కడే నిలబడి ఒకటి రెండు నిమిషాల్లో తినేయాలి. పార్శిల్ అడగొద్దు, ఫొటో కూడా ఒక్కటే తీసుకోండి.